గుండెపట్టీతో చెక్కభజన

“నిన్న ఎడమపక్క పెట్టినావు. ఈ పొద్దు కుడిపక్క పెట్టల్ల.”

“నాకు చెప్పాల్నా నువ్వు? గోడమీద గీత ఉండాది, చూస్తాండా. చెయ్యి ఎత్తు.”

“ఎత్తితే చక్కిలిగిలి పెడతావు.”

“అరవై ఏండ్లు దాటిన మొగోనికి చక్కిలిగిలి ఏందప్పా. గమ్మునుండు.”

“గమ్మునుంటే పోతాదా చక్కిలిగిలి?”

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఇవి. పట్టీ అతికించాను. పది అంకెలు లెక్కపెట్టేదాకా అరచేత్తో నొక్కిపట్టాను. చొక్కా గుండీలు పెట్టి, మజ్జిగ తేవడానికి లోపలికి పోయాను. గ్లాసుతో తిరిగి వచ్చేసరికి ఆయన అరుగు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. మనిషి లేడు.

చావు దగ్గర మొదలుపెట్టానని ఇది ఏడుపు కథ అనుకోవద్దు. ఏడవాల్సింది అప్పుడే ఏడ్చేశాను. ఇప్పుడు చెప్పేది ఆ పట్టీ పెట్టుకుని ఆయన ఆరేళ్ళు ఎట్లా ఆడాడో ఆ సంగతి.

ఇది రాస్తున్నది నా తమ్ముని కూతురు. నాకు అంకెలు తెలుసు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను, సంతకం వంకరగా గీస్తాను. కాగితం నిండా రాయడం నా వల్ల కాదు. నా మాటను పుస్తకంలో ఉండేట్టు సరిచేస్తానంది పిల్ల. సరే అన్నాను. కానీ మేము ఒకరితో ఒకరం అనుకున్న మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను.

మాది బేతంచెర్ల. బండలు కోసే ఊరు. మా ఆయన పాలీషు ఫ్యాక్టరీలో బండలు మోసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి. నేను గడపలోనే ఆపి, నెత్తిన చెంబెడు నీళ్ళు పోస్తే గానీ ఈయన మా ఇంటాయనే అని తెలిసేది కాదు. స్నానం చేసి చెక్కలు చేతిలోకి తీసుకున్నాడా, మళ్ళీ పెళ్ళికొడుకే.

చెక్కభజన చూడనివాళ్ళకు చెబుతాను. చేతిలో ఇమిడే చెక్కలు, వాటిలో గలగలమనే ఇత్తడి బిళ్ళలు. పదిహేను పదహారు మంది గుండ్రంగా నిలబడి, పాటకు తగ్గట్టు వాటిని వాయిస్తూ అడుగు వేస్తారు, వంగుతారు, తిరుగుతారు, ఎగురుతారు. మధ్యలో నిలబడి పాట అందించి అడుగు మార్చేవాణ్ణి గురువు అంటారు. మా ఊరి జట్టుకు గురువు మా ఆయన. ఎగిరితే మోకాలు రొమ్ముకు తగిలేది. నన్ను చూడ్డానికి వచ్చిన రోజు కూడా మా పుట్టింటి ఊరి గుడి ముందు అట్లాగే ఎగిరాడు. మా నాయన “పిల్లోడు బాగా పని చేసేటట్టుండాడు” అన్నాడు. నేను పని సంగతి చూడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన మూడు నాలుగేళ్ళకు ఒకరోజు ఫ్యాక్టరీలో బండ సగం ఎత్తి, మళ్ళీ కింద పెట్టి కూర్చున్నాడు. రొమ్ము మీద ఏనుగు కూర్చున్నట్టుందన్నాడట. కర్నూలుకు తీసుకుపోయాం. గుండె డాక్టరు అన్నీ చూసి, గుండెకు రక్తం పోయే దారి సన్నబడింది, మందులతో నడిపిద్దాం అన్నాడు. మాత్రలు రాశాడు. వాటితో పాటు ఒక పట్టీ కూడా. అగ్గిపెట్టె అంత ఉంటుంది, ఉల్లిపొరలా పలచన. మందు అందులోనే ఉంటుందట.

“పొద్దున్నే స్నానం చేసి, ఒళ్ళు బాగా ఆరినాక రొమ్ము మీద అతికించుకో. రాత్రి పండుకునేటప్పుడు తీసెయ్. రోజూ ఒకే చోట పెట్టొద్దు. బరువులు ఎత్తొద్దు. మెల్లగా నడువు” అన్నాడు డాక్టరు. కాగితం మీద రాసిచ్చాక, “ఇంకేమన్నా అడగాల్నా?” అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరి నోట్లోనూ ఒకే ప్రశ్న ఉంది.

“ఏం లేదు సార్” అన్నాడు ఆయన.

బస్సు ఎక్కాక అడిగాను. “భజన సంగతి అడగలేదేంప్పా?”

“అడిగితే వద్దంటాడు. అడక్కపోతే వద్దన్లేదు గదా.”

ఆ లెక్క నాకూ బాగానే ఉందనిపించింది.

మరునాడు మొదటి పట్టీ పెట్టాను. క్యాలెండరుకు ఎడమ పక్కన గోడమీద బొగ్గుతో ఒక గీత గీశాను. ఎడమరొమ్ముకు ఎడమ గీత, కుడిరొమ్ముకు కుడి గీత. అంతవరకు డాక్టరు చెప్పినట్టే చేశాను. ఆ తర్వాత మా అమ్మ చెప్పినట్టు చేశాను.

మా ఊర్లో ఏ ఇంట్లోనైనా పొయ్యి పక్కన ఒక బండముక్క ఉంటుంది. ఫ్యాక్టరీలో కోసి పారేసిన ముక్క, అరచెయ్యంత. ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుగ్గా. నడుము పట్టినా, బిడ్డకు కడుపుబ్బినా, బాలింతకు ఒళ్ళు నొప్పులైనా దాన్ని పొయ్యిగడ్డ మీద వెచ్చబెట్టి, పాతగుడ్డలో చుట్టి కాపడం పెడతాం. ఆముదం రాసి ఆకు కట్టినా అంతే, ఏ పసరు పట్టు వేసినా అంతే. పైన సెగ తగిలితేనే మందు లోపలికి దిగుతుందని మా అమ్మ చెప్పింది, ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. కర్నూలు డాక్టరు అంత చదువు చదివి సెగ సంగతి మరిచిపోయాడు అనుకున్నాను.

“డాక్టరు చెప్పలేదు గదే” అన్నాడు ఆయన, నేను బండముక్క తెస్తుంటే.

“సంగటి తిని చెయ్యి కడుక్కోమని గూడా చెప్పలేదు. కడుక్కోవా నువ్వు?”

పడుకోబెట్టి, పట్టీ మీద బండముక్క పెట్టి, పైన దుప్పటి కప్పాను. కాసేపటికి మొహం ఎర్రబడింది. చెవులు పండుమిరపకాయల్లా అయ్యాయి. కణతల దగ్గర నరం టపటపా కొట్టుకుంటూ కనిపించింది.

“తలకాయలో డోలు వాయిస్తాండారు మ్మే.”

“మందు దిగుతాంది. రోంత ఓర్చుకో.”

“గుండెకు మందు పెడితే తలకాయలో ఏంటికి వాయిస్తారు?”

“ఆడ్నుంచి పైకి ఎక్కుతాందేమో. గమ్మునుండు.”

లేచి నిలబడేసరికి తూలి, తలుపు పట్టుకున్నాడు. ఆకలి అనుకుని ఇంకో ముద్ద సంగటి పెట్టాను. మూడు రోజులు ఇట్లాగే జరిగింది. ఇంత గట్టిగా తల పగిలిపోతోందంటే మందు ఎంత మంచిదో అని ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాను కూడా. నాలుగో రోజు బండముక్క కనిపించలేదు. ఇల్లంతా వెతికాను. ఆరు నెలల తర్వాత బర్రె నీళ్ళు తాగే తొట్టి కడుగుతుంటే అడుగున దొరికింది. దాన్ని అక్కడ దాచిన మనిషి ఎవరో అడగాల్సిన పని లేకపోయింది.

బండముక్క పోయాక తలనొప్పీ పోయింది. రొమ్ములో బరువు తగ్గింది. ఫ్యాక్టరీలో కూర్చుని చేసే పని ఇచ్చారు. మనిషి తేరుకున్నాడు. ఇంతలో శ్రీరామనవమి వచ్చింది.

“నిలబడి పాట అందిస్తా, అంతే. కాలు కదపను. రాముని మీద ఒట్టు” అన్నాడు.

రాముని గుడి ముందే రాముని మీద ఒట్టు వేశాడు కాబట్టి నమ్మాను. ఆ రోజు ఎండ ఇంకా దిగనేలేదు. పందిట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చుని విసురుకుంటున్నాను. మొదటి పాటకు నిలబడ్డాడు. రెండో పాటకు కాలివేళ్ళు ఆడాయి. మూడో పాటకు మోకాళ్ళు వంగాయి. నాలుగో పాటకు రాముడూ లేడు, ఒట్టూ లేదు. ఎగిరి, నా వైపు చూసి, చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని ఏమీ కాలేదన్నట్టు తల ఊపాడు. నిజం చెప్పాలంటే నాకూ సంతోషమే. ఏడాదిగా ఆ మోకాలు అంత పైకి లేవడం చూడలేదు.

డోలు వేగం పెరిగింది. ఆ డోలు వాయించేది పరుపులు కుట్టే దూదేకులాయన. నన్ను వదినా అంటాడు. మా ఆయనకు తమ్మునికన్నా ఎక్కువ. ఆయన వేగం పెంచితే ఈయన పెంచుతాడు, ఈయన పెంచితే ఆయన పెంచుతాడు. ఇద్దరిలో ముందు ఆపినవాడు ఓడినట్టు.

అప్పుడు మా ఆయన చెవులు చూశాను. పండుమిరపకాయలు.

ఆ మొహం నేను ముందే చూసిన మొహం. మా ఇంట్లో, దుప్పటి కింద, బండముక్క పెట్టినప్పుడు. అక్కడ సెగ బండలో ఉంది, ఇక్కడ సెగ ఆయన ఒంట్లోనే ఉంది. పైన పట్టీ మాత్రం అదే. ఇదంతా నేను వరసగా ఆలోచించానని చెప్పను. కాళ్ళకు ముందు తెలిసింది. ఆడేవాళ్ళ వలయంలోకి ఆడవాళ్ళు పోరు. నేను చెక్కల మధ్య నుంచి దూరిపోయాను.

నేను చేరేసరికే ఆయన కూలబడ్డాడు. “కండ్లు చీకట్లు కమ్ముతాండాయి మ్మే” అన్నాడు.

చొక్కా లాగి పట్టీ పీకేశాను. చెమటకు తడిసి, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. దూదేకులాయన తన డోలు అడ్డంగా పడేసి, ఆయన కాళ్ళు ఎత్తి దాని మీద పెట్టాడు. ఎవరో విసిరారు. మొహం మీద నీళ్ళు చల్లారు. కొంతసేపటికి చెవులు మామూలు రంగుకు వచ్చాయి. కళ్ళు తెరిచాడు. నేను బతికాడా లేదా అని చూస్తున్నాను. ఆయన దూదేకులాయన వైపు చూసి అడిగిన మొదటి మాట ఇది.

“అడుగు తప్పినానా?”

“లేదన్నా. తాళం మీదనే పడినావు.”

మరునాడు కర్నూలులో డాక్టరు ముందు కూర్చున్నాం. ఈసారి ఆయన్ను మాట్లాడనివ్వలేదు.

“సార్, మేము రెండు తప్పులు చేసినాం. ఒగటి నాది, ఒగటి ఈయప్పది” అని బండముక్క దగ్గర మొదలుపెట్టి పందిరి దాకా అంతా చెప్పాను. డాక్టరు బండముక్క దగ్గర కళ్ళజోడు తీశాడు. డోలు మీద కాళ్ళు పెట్టిన దగ్గర మళ్ళీ పెట్టుకున్నాడు. తిడతాడని తల వంచుకుని ఉన్నాను. తిట్టాడు కూడా. కానీ తిట్టడం అయ్యాక కాగితం తీసి బొమ్మ గీశాడు. ఒక చెట్టు, దాని మొదట్లో ఒక గొట్టం.

“మాది కమలాపురం దగ్గరమ్మా. మా నాయనకు చీనీకాయల తోట ఉండాది. చెట్టుకు డ్రిప్పు పెట్టినాడు. నీళ్ళు ఒక్కసారి పారవు, బొట్టు బొట్టుగా పడతాయి. ఈ పట్టీ గూడా అంతే. పొద్దున పెడితే రాత్రి దాకా బొట్టు బొట్టుగా మందు ఇస్తాది. చర్మం కింద సన్న రక్తనాళాలు ఉంటాయి, అవి తీసుకుంటాయి. ఒళ్ళు వేడెక్కిందనుకో, ఆ నాళాలు వెడల్పవుతాయి. చర్మంలోకి రక్తం ఎక్కువ పారతాది. మందును గబగబా లాక్కుంటాది. నిదానంగా రావాల్సిన మందు తొందరగా, ఎక్కువగా వచ్చేస్తాది. దానికి బి.పి. దిగిపోతాది. తలనొప్పి అందుకే, కండ్లు తిరిగేది అందుకే.”

“అయితే బండముక్కా, భజనా రెండూ ఒగటే పని చేసినాయి” అన్నాను.

“ఒకటే పని. బండ పైనుంచి వేడి చేసింది, ఎగిరేది లోపల్నుంచి వేడి చేసింది. ఎండ ఒకటి దానికి తోడు. పట్టీ పీకాలని నీకు ఎవరు చెప్పినారు?”

“చెవులు సార్. బండ పెట్టినప్పుడూ అవే చెవులు.”

డాక్టరు కళ్ళజోడు మళ్ళీ తీశాడు. “నువ్వు చదువుకొనింటే ఈ పక్క కుర్చీలో కూర్చొనింటివి” అన్నాడు.

“ఆ కుర్చీలో కూచుంటే నాకు సంగటి ఎవరు చేస్తారు సార్” అన్నాడు మా ఆయన. అని, వెంటనే గొంతు మార్చి, ఏడాదిగా నోట్లో దాచుకున్నది బయటపెట్టాడు. “సార్. నేను ఇంగ ఆడొచ్చునా, ఆడగూడదా? ఆడగూడదంటే ఆ ముక్క ఇప్పుడే చెప్పండి. బండలు మోయొద్దన్నారు, మానుకుంటి. బీడీ మానుకుంటి. ఇది గూడా పోతే నేను ఇంట్లో బోర్లించిన చెంబునే.”

నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. డాక్టరు పరీక్ష చేసి చెబుతానన్నాడు.

ఆ పరీక్ష మరో రోజు చేశారు. రొమ్ము నిండా తీగలు అతికించి, కదిలే బెల్టు మీద నడిపించారు. బెల్టు మొదలైంది. ఈయన నడిచాడు. రెండు నిమిషాలకు ఆ బెల్టు చప్పుడులో ఏదో తాళం దొరికింది ఈయనకు. అడుగు మారింది, భుజం ఊగింది, పాట మొదలైంది.

“పెద్దాయనా, పాడొద్దు. గమ్మున నడువు” అంది నర్సు.

“పాట లేకుంటే నాకు కాలు పడదమ్మా.”

“పాడితే ఊపిరి చాలదు.”

“నీకు పాట రాదా? నువ్వు పాడు, నేను నడుస్తా.”

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. డాక్టరు మాత్రం నవ్వకుండా యంత్రంలోంచి గీతలతో వచ్చే కాగితం చుట్టనే చూస్తున్నాడు. చివరికి పిలిచి కూర్చోబెట్టాడు.

“ఎగిరేది లేదు. అది మరిచిపో. నడకంత అడుగు వెయ్యొచ్చు. ఎండ దిగినాక, గాలి ఆడే చోట. పావుగంట ఆడితే పావుగంట కూర్చో, నీళ్ళు తాగు. పట్టీ చిన్నది రాస్తాండా. నీయంతట నువ్వు పట్టీ మానొద్దు, ఇంకొకటి కలిపి పెట్టొద్దు. తల నొప్పెట్టినా, కండ్లు తిరిగినా ఆపి పండుకో, పట్టీ తీసి నాకు ఫోన్ చెయ్యి. రొమ్ములో నొప్పి వస్తే ఫోను గీను లేదు, నేరుగా ఆసుపత్రికి రా.” నా వైపు తిరిగి, “చెవులు చూసే పని నీది. బండముక్క ఇంట్లో కనపడగూడదు” అన్నాడు.

“కనపడ్డం లేదు సార్. ఎవురో దొంగలు ఎత్తుకపోయినారు” అన్నాను. మా ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో టికెట్టు మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. ఎగరని గురువు ఏం గురువు అనుకుంటున్నాడని నాకు తెలుసు. వెల్దుర్తి దాటే దాకా అట్లాగే ఉన్నాడు. దాటాక, ముందు సీటు కడ్డీ మీద వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి రెండు వేళ్ళు. ఆ తర్వాత చెప్పులు విప్పి, మడమలు బస్సు నేలకు ఆనించి, వేళ్ళు మాత్రం కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు.

“ఏందప్పా అది?”

“కాలు ఎగరగూడదన్న్యాడు. చెక్క ఎగరగూడదన్లేదు గదా” అన్నాడు.

బేతంచెర్లలో దిగేసరికి కొత్త అడుగు తయారైంది. కాలు నేలను వదలదు. మడమ మీద తిరుగుతుంది, మోకాలు సగం వంగుతుంది, నడుము ఊగుతుంది. ఎగరాల్సినదంతా చేతులకు ఎక్కించాడు. చెక్కలు తల మీదికి లేస్తాయి, వీపు వెనక పలుకుతాయి, మోకాలి కింద దూరి మళ్ళీ పైకి వస్తాయి. అన్నీ నిదానంగా.

జట్టు వాళ్ళకు చూపిస్తే ముందు ఎగతాళి చేశారు.

“ఏమన్నా, ఇది భజనా? బియ్యంలో రాళ్ళు ఏరేదా?” అన్నాడు దూదేకులాయన.

“నువ్వు ఏరి చూపీరా ముందు.”

దూదేకులాయన డోలు పక్కన పెట్టి లేచాడు. సగం వంగిన మోకాలి మీద నిదానంగా తిరగడం ఎగరడం కన్నా కష్టమని ఆయనకు ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది. తొడలు పట్టుకుని కూర్చున్నాడు. “ఎగిరేదే మేలన్నా. ఇదేందో గోడకుర్చీ వేయించినట్టుండాది.” మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వేసి చూశారు, ఒక్కొక్కరే కూలబడ్డారు. నెల రోజులు తిప్పలు పడ్డాక అందరికీ వచ్చింది. దానికి పట్టీ అడుగు అని పేరు పడింది. తిరునాళ్ళలో ఇతర ఊర్ల జట్లు గాలిలోకి లేస్తుంటే, మా జట్టు నేల మీదనే నీళ్ళలా తిరిగేది. జనం ముందు నవ్వేవాళ్ళు, తర్వాత నోరు మూసుకుని చూసేవాళ్ళు.

నాకూ ఒక పని దొరికింది. వలయం అంచున పీట వేసుకుని, నా చేతిలోనూ ఒక జత చెక్కలు పట్టుకుని కూర్చునేదాన్ని. చూపంతా ఆయన చెవుల మీదే. రంగు మారితే రెండు దెబ్బలు కొడతాను. ఆపాలి. “ఇంగ రోంత” అన్నట్టు కళ్ళతో బతిమాలతాడు. మూడు దెబ్బలు కొడతాను. జట్టంతా ఆగిపోతుంది. చూసేవాళ్ళు అది కూడా ఆటలో భాగమే అనుకునేవాళ్ళు. కమలాపురం దగ్గర ఒక ఊర్లో ఒక ముసలామె నా దగ్గరికి వచ్చి, “ఇంతమంది మొగోళ్ళను రెండు దెబ్బలకు నిలబెడతాండావు. మా ఇంట్లో ఉండేది ఒగడే, వానికి గూడా నేర్పీమ్మా” అంది.

ఆ ఊర్లోనే ఇంకో సంగతి జరిగింది. ఆట బాగా కుదిరింది. చివర మా ఆయన చొక్కా, బనియను విప్పేసి, అట్లాగే చెమటతో, చొక్కా లేకుండా డోలు వాయించిన దూదేకులాయన్ను వాటేసుకుని ఊపేశాడు. అందరం భోజనాలకు కూర్చున్నాం. పట్టీ అంచులు ఎట్లా ఉన్నాయో చూద్దామని ఆయన రొమ్ము చూశాను. ఎడమపక్క లేదు. కుడిపక్క లేదు. బనియను దులిపాను, చాప ఎత్తాను, డోలు కింద వెతికాను. పక్కన దూదేకులాయన అన్నం ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

“వదినా, డోలు నేను వాయిస్తినా, నన్నెవరన్నా వాయించినారా? తలకాయ పగిలిపోతాంది.”

ఆయన చెవులు చూశాను. భోజనానికి తొడుక్కున్న చొక్కా చెయ్యి పైకి జరిపాను. పట్టీ అక్కడ, భుజం మీద, బొట్టుబిళ్ళలా అతుక్కుని ఉంది.

పీకి, సబ్బుతో కడిగి, పడుకోబెట్టి, డాక్టరుకు ఫోన్ చేశాం. కడిగింది మంచిపని, పడుకోనివ్వండి, కళ్ళు తిరిగితే తీసుకురండి అన్నాడు. ఒకరి పట్టీ ఇంకొకరి ఒంటికి తగలడం ఆటలు కాదని గట్టిగా చెప్పాడు. కొంతసేపటికి దూదేకులాయన లేచి కూర్చుని మా ఆయనతో అన్నాడు. “నీ చెక్కలు అడిగితే ఒగనాడూ ఇయ్యవు. మందు మాత్రం అడక్కనే ఇస్తివి.”

ఆ తర్వాత నేను ఇంకా జాగ్రత్తపడ్డాను. ఆటకు ముందు చెమట తుడవడం, పట్టీ అంచులు చూడడం, ఆట అయ్యాక చొక్కా తొడిగేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం. తీసిన పట్టీని జిగురు లోపలికి మడిచి డబ్బాలో వేసి మూత పెట్టేదాన్ని. గోడ మీద గీతలు క్యాలెండరు దాటి, తలుపు దాటి, పొయ్యింటి దాకా పాకాయి. ఏటా సున్నం వేసేవాళ్ళు ఆ గోడ వదిలేసి పోయేవాళ్ళు. వదలకపోతే కూలి ఉండదని చెప్పేదాన్ని.

అట్లా ఆరేళ్ళు. ఆరు శ్రీరామనవములు. ఒక్కసారి కూడా మళ్ళీ కూలబడలేదు. చివరి ఆట ఆయన పోవడానికి వారం ముందే ఆడాడు. ఆ రోజు నేను రెండు దెబ్బలు కొట్టాల్సిన పనే రాలేదు. తనంతట తనే ఆపి, వచ్చి నా పీట పక్కన నేల మీద కూర్చుని నీళ్ళు తాగాడు.

చివరి పొద్దు సంగతి ముందే చెప్పాను. చెప్పనిది ఒకటి ఉంది. కర్మలన్నీ అయ్యాక నన్ను ఒక పురుగు తొలిచింది. ఆ పొద్దు పట్టీ పెట్టేముందు నేను పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చాను. చేతులు వెచ్చగా ఉన్నాయి. ఆ అరచేత్తోనే పది అంకెలు నొక్కిపట్టాను. ఒకప్పుడు బండముక్క పెట్టిన దాన్ని కదా. మళ్ళీ నేనే ఏమైనా చేశానా అని. ఎవరితోనూ అనలేకపోయాను. ఒకదాన్నే బస్సెక్కి కర్నూలు పోయాను.

డాక్టరు అంతా విన్నాడు. “పట్టీ అతకాలంటే అరచేత్తో నొక్కాల్సిందేనమ్మా, ఆ మాట నేనే చెప్పింటా. నీ చేతి వెచ్చదనానికి ఏం కాదు. పెట్టిన నిమిషంలో మందు అంత దూరం పోదు. ఆయన గుండె పాతది, ఆగిపోయింది. ఆరేండ్లు ఆడింది, అది లెక్కబెట్టుకో” అన్నాడు. లేచి గుమ్మం దాకా వచ్చాడు. “ఆ బెల్టు మీద పాట పాడినోళ్ళు ఇప్పటిదాకా ఇంకెవరూ లేరు” అన్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో వెల్దుర్తి దాటాక నా కాళ్ళు చూసుకున్నాను. చెప్పులు విప్పి ఉన్నాయి. మడమలు నేలకు ఆని ఉన్నాయి, వేళ్ళు కుడికి తిరుగుతున్నాయి, ఎడమకు తిరుగుతున్నాయి. నేను తిప్పుతున్నానని నాకే తెలియలేదు.

ఇప్పుడు ఆ అడుగు మా వీధి ఆడవాళ్ళకు నేను నేర్పుతున్నాను. దూదేకులాయనే డోలు. వేగం పెంచడు. పెంచితే రెండు దెబ్బలు కొడతానని తెలుసు.

అంతే పాపా, ఇంతకన్నా లేదు. ఏమేం రాసినావో ఏమో, ఇంత రాత నాకు చదివేకి రాదు. ఆ కాగితాలు ఇట్ల వెలుగులోకి తెచ్చుకో. మొదట్నుంచి చదువు. నా మాటలు ఎట్లైనా చదువు, ఆయప్ప మాటలు మాత్రం నిదానంగా చదవల్ల. “నిన్న ఎడమపక్క పెట్టినావు” అన్న్యాడు చూడు, ఆడ్నుంచి చదువు.